పైన ట్రంప్, కింద స్టైన్

నార్త్ కరోలినాలో చాలా కౌంటీల్లో బ్యాలెట్ ఇంకా కాగితమే. ఓటరు చేతికి పెన్ను ఇస్తారు. పేరు పక్కనున్న చిన్న కోలగడిని నల్లగా నింపాలి. ఒక్క గడి నింపి పార్టీ మొత్తానికీ ఓటేసే వీలు ఒకప్పుడు ఉండేది, 2013 నాటి చట్టంతో అదీ పోయింది. ప్రెసిడెంటు మొదలు ఇన్సూరెన్స్ కమిషనర్ దాకా ఒక్కో పేరూ చదువుకుని, ఒక్కో గడీ నింపుకుంటూ రావాల్సిందే. 2024 నవంబర్ 5న అలా నింపినవాళ్లలో లక్షల మంది పైన డొనాల్డ్ ట్రంప్ దగ్గర నింపి, కాస్త కిందికొచ్చి గవర్నర్ పదవికి డెమోక్రాట్ జాష్ స్టైన్ దగ్గర నింపారు.

అంకెలు చూస్తే ఈ మాట అతిశయోక్తి కాదని తెలుస్తుంది. ట్రంప్‌కు దాదాపు 29 లక్షల ఓట్లు, కమలా హారిస్‌కు 27 లక్షల పైచిలుకు. రాష్ట్రానికున్న 16 ఎలక్టోరల్ ఓట్లూ ట్రంప్ ఖాతాలోకే వెళ్లాయి. స్టైన్‌కు మాత్రం 30 లక్షలు దాటాయి, అంటే ట్రంప్ కంటే కూడా ఎక్కువ. రిపబ్లికన్ అభ్యర్థి మార్క్ రాబిన్సన్ 22 లక్షల దగ్గరే ఆగిపోయారు. రాబిన్సన్‌ను ముందునుంచీ ఆయన నోరే వెనక్కి లాగుతూ వచ్చింది. ఏళ్ల కిందట ఒక పోర్న్ సైట్‌లో ఆయన రాసినవంటూ సెప్టెంబర్‌లో సీఎన్ఎన్ కొన్ని రాతలు బయటపెట్టాక సొంత పార్టీవాళ్లే పక్కకు తప్పుకున్నారు. అవి తనవి కావని ఆయన చెప్పినా వినిపించుకున్నవాళ్లు తక్కువ. అలాగని తప్పంతా రాబిన్సన్ మీదికే నెట్టలేం. 2016లోనూ, 2020లోనూ ట్రంప్‌ను గెలిపించిన చేత్తోనే ఈ రాష్ట్రం డెమోక్రాట్ రాయ్ కూపర్‌ను గవర్నర్‌ని చేసింది.

రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకునే కార్యనిర్వాహక పదవులు పది. ఐదు డెమోక్రాట్లకు, ఐదు రిపబ్లికన్లకు. వ్యవసాయం, లేబర్, ఇన్సూరెన్స్, ఖజానా, ఆడిట్ రిపబ్లికన్లకు. గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్, అటార్నీ జనరల్, సెక్రటరీ ఆఫ్ స్టేట్, స్కూళ్ల సూపరింటెండెంట్ డెమోక్రాట్లకు. రాజధాని రాలీ పక్కనున్న కేరీ, మోరిస్‌విల్‌లలో ఇల్లు కొనే తెలుగు కుటుంబాలు బెడ్‌రూముల కంటే ముందు స్కూల్ రేటింగ్ చూస్తాయి. వాళ్లకు ఆ చివరి పదవి చిన్నదేం కాదు. పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకున్న మిషెల్ మారోను కాదని, గిల్‌ఫర్డ్ కౌంటీ స్కూళ్లను నడిపిన మో గ్రీన్‌ను ఓటర్లు ఎంచుకున్నారు. ఆరు వారాల ముందే హెలీన్ తుపాను ముంచేసిన పడమటి కొండ ప్రాంతంలో కొన్నిచోట్ల గుడారాల్లో క్యూ కట్టి మరీ ఓటేశారు.

ఇంత ఆచితూచి ఓటేసిన జనమే అమెరికా ప్రతినిధుల సభకు పంపిన 14 మందిలో పదిమంది రిపబ్లికన్లు, నలుగురే డెమోక్రాట్లు. 2022లో ఇదే రాష్ట్రం చెరి ఏడుగురిని పంపింది. రెండేళ్లలో జనం మారలేదు, నియోజకవర్గాల మ్యాపు మారింది. 2022 నాటిది కోర్టు గీయించిన మ్యాపు. ఆ ఎన్నికల్లోనే రాష్ట్ర సుప్రీంకోర్టులో రిపబ్లికన్ల బలం 5-2 అయింది. పార్టీ లాభం కోసం మ్యాపు గీయకూడదన్న తన పాత తీర్పును 2023 ఏప్రిల్‌లో ఆ కోర్టు తానే తిరగరాసింది. అక్టోబర్ కల్లా శాసనసభ కొత్త గీతలు గీసేసింది. ముగ్గురు డెమోక్రాట్ సభ్యులు ఆ గీతలు చూసి మళ్లీ పోటీకే దిగలేదు. వాళ్లలో ఒకరైన జెఫ్ జాక్సన్ అటార్నీ జనరల్‌కు నిలబడి రాష్ట్రమంతా తిరిగి గెలిచారు. నియోజకవర్గం హద్దులైతే జరపగలరు గానీ రాష్ట్రం హద్దులు జరపలేరు కదా!

డీలిమిటేషన్ అనగానే మన దగ్గర ఎన్ని సీట్లు తగ్గుతాయోనన్న టెన్షనే. అయినా ఇక్కడ గీత గీసేది సుప్రీంకోర్టు జడ్జి నేతృత్వంలోని కమిషన్. అక్కడ గెలిచిన పార్టీయే పెన్సిల్ పట్టుకుంటుంది. ఆటలో ఒక జట్టు కెప్టెన్‌కే విజిల్ ఇచ్చినట్టు. దీన్ని ఏ పార్టీ చేసినా తప్పేనని మా అభిప్రాయం. ఇల్లినాయ్‌లో డెమోక్రాట్లు గీసుకున్న మ్యాపు కూడా ఇలాంటిదే.

గీతలకు లొంగని చోట నార్త్ కరోలినా రిపబ్లికన్లు ఇంకో దారి వెతికారు. 120 మంది ఉన్న రాష్ట్ర దిగువ సభలో గవర్నర్ వీటోను తోసిపుచ్చాలంటే 72 కావాలి. కొత్త సభలో రిపబ్లికన్లకు 71 వచ్చాయి. అందుకే పాత సభ గడువు తీరకముందే, తుపాను సాయం పేరుతో తెచ్చిన బిల్లులో ఎన్నికల బోర్డును నియమించే అధికారాన్ని గవర్నర్ నుంచి తీసి ఆడిటర్‌కు ఇచ్చేశారు. కూపర్ వీటో చేస్తే డిసెంబర్‌లో దాన్నీ తోసిపుచ్చారు. ఆడిటర్‌గా గెలిచింది రిపబ్లికన్ డేవ్ బోలిక్. కోర్టుల్లో నలిగి నలిగి 2025 మేలో అది అమల్లోకి వచ్చింది. అదే నెలలో రాష్ట్ర సుప్రీంకోర్టు జడ్జి ఎన్నిక కూడా తేలింది. 734 ఓట్లతో గెలిచిన డెమోక్రాట్ అలిసన్ రిగ్స్, రెండు రీకౌంట్లు అయ్యాక కూడా ఆరు నెలలు ఆగాల్సి వచ్చింది. ఓడిన రిపబ్లికన్ జెఫర్సన్ గ్రిఫిన్ 60 వేలకు పైగా ఓట్లను లెక్కలోంచి తీసేయాలని కోరారు. గుర్తింపు కార్డు చూపించి పద్ధతిగా ఓటేసి వచ్చినవాళ్లు కూడా వాటిలో ఉన్నారు. ఫెడరల్ జడ్జి కుదరదన్నాకే గ్రిఫిన్ ఓటమి ఒప్పుకున్నారు.

ఈశాన్యాన ఉన్న ఒకటో నియోజకవర్గంలో 2024లో ట్రంప్‌కు మెజారిటీ వచ్చింది. అదే ఓటర్లు కాంగ్రెస్‌కు డెమోక్రాట్ డాన్ డేవిస్‌ను స్వల్ప తేడాతో గెలిపించారు. పైన ఒకరు, కింద ఒకరు, మళ్లీ అదే లెక్క. 2025 అక్టోబర్‌లో శాసనసభ ఆ ఒక్క సీటు కోసం మ్యాపు మళ్లీ బయటకు తీసింది. డేవిస్‌కు గెలుపు కష్టమయ్యేలా పక్క సీటులోని తీరప్రాంత కౌంటీలను తెచ్చి ఇందులో కలిపింది. లక్ష్యం 11-3. 30 లక్షల ఓట్లతో గెలిచిన గవర్నర్ స్టైన్ దాన్ని ఆపలేకపోయారు. ఆ రాష్ట్ర రాజ్యాంగం ప్రకారం ఈ మ్యాపుల మీద గవర్నర్‌కు వీటో లేదు.