ఐదు పనిముట్ల తోటపని సెట్టు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఐదు పనిముట్ల తోటపని సెట్టు గారి సముఖానికి,

హైదరాబాదు శివారులో ఇల్లు కట్టుకుని, గోడకీ ప్రహరీకీ నడుమ మిగిలిన కాస్త జాగాలో నాలుగు మొక్కలు పెంచుదామని ఆశపడిన ఒక గృహస్థు విన్నపములు. రెండేళ్ల క్రితం ఒక రాత్రి నిద్ర పట్టక ఫోను తిరగేస్తూ ఉండగా తమరి దర్శనమైంది. పిస్తా రంగు పిడులు, తళతళలాడే స్టెయిన్‌లెస్ స్టీలు, వాటికి తోడుగా ఉచితంగా ఒక జత చేతి తొడుగులు, వెరసి 599 రూపాయలు. ఫొటోలో తమరి పక్కన కుప్పగా పోసిన నల్లటి మట్టి ఎంత మెత్తగా ఉందంటే, అది తవ్వడానికి పెట్టారో చెంచాతో తినడానికి పెట్టారో నాకు బోధపడలేదు. అనుమానం అప్పుడే రావలసింది, రాలేదు.

మా పెరటి నేల సంగతి తమరికి ఎవరూ చెప్పినట్టు లేదు. పైన నాలుగు వేళ్ల మందాన ఎర్రమట్టి, దాని కింద మొరం, మధ్యమధ్యలో ఇల్లు కట్టిన మేస్త్రీలు జ్ఞాపకార్థం వదిలి వెళ్లిన కంకర, సిమెంటు పెచ్చులు. జామ మొక్క నాటడానికి పొడవు, వెడల్పు, లోతు రెండేసి అడుగుల చొప్పున గుంత తీయాలని నర్సరీ వాళ్లు చెప్పారు. అంటే ఎనిమిది ఘనపుటడుగుల మట్టి. దాన్ని దోసెడు పట్టని తమరి ట్రోవెల్ అనే బుల్లి చేతిపారతో తోడి పోయాలని సంకల్పించిన నా సాహసాన్ని తమరైనా ఆపి ఉండవలసింది. నాలుగో పోటుకే ట్రోవెల్ మెడ ముందుకు వంగి, పెద్దల ముందు నిలబడిన కొత్త పెళ్లికూతురిలా తల దించుకుంది. పక్క స్థలంలో కూలి పనికి వచ్చిన ఒక పెద్దమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏం బిడ్డా, పిల్లగాండ్లు ఆడుకునేదా అది?" అని అడిగింది. నిజం చెబితే పరువు పోతుందని, ఔనమ్మా అన్నాను.

ఆ తరువాత ఆమె తెచ్చి ఇచ్చిన గడ్డపార, పార పట్టుకున్నప్పుడు గానీ తమరి నిర్మాణంలోని రహస్యం నాకు అర్థం కాలేదు. ట్రోవెల్‌లో రేకు వెడల్పు, పిడి లావు, రెంటినీ కలిపే మెడ మాత్రం పుల్లంత. నేను వేసిన బలమంతా చేరేది సరిగ్గా ఆ మెడ దగ్గరికే. పారకు ఈ బాధ లేదు, ఎందుకంటే ఇనుప రేకుతో కలిసి ఉన్న గుండ్రటి కన్నంలోకి కర్ర పిడి దిగబడి ఉంటుంది. మెడ అనే బలహీనతే దానికి లేదు. పైగా తమరి పూర్వీకులు పుట్టిన ఐరోపా దేశాల్లో నేల తరచూ వాన పడి మెత్తగా ఉంటుంది, మనుషులు బూట్లు వేసుకుని ఉంటారు, కాబట్టి అక్కడి తిన్నని పారను కాలితో తొక్కి నేలలోకి దింపుతారు. ఎండకు ఇటుకలా గట్టిపడే మన నేలను, అందులోనూ చెప్పులు విప్పి పనిచేసే మనుషులు, తొక్కి లొంగదీయడం సాధ్యం కాదు. అందుకే మన పార రేకు పిడి వైపు వంగి ఉంటుంది. పైకెత్తి వదిలితే దాని బరువే నేలలోకి దిగుతుంది, మనిషి తన వైపు లాక్కుంటే చాలు. మొరాన్ని పగలగొట్టడం ఐదడుగుల గడ్డపార వంతు, పగిలినదాన్ని ఎత్తిపోయడం పార వంతు. గడ్డపారతో ఎత్తబోయినవాడికీ, పారతో రాళ్లు పగలగొట్టబోయినవాడికీ సాయంత్రానికి నడుము ఒకేలా నొస్తుంది. రెండూ చేసి చూసినవాడిగా చెబుతున్నాను.

ఇక తమరి మూడు గోళ్ల కల్టివేటరు, చేతి ఫోర్కు. కుండీలో పైమట్టి గుల్ల చేయడానికి అవి పనికి వస్తాయి, అంతకు మించి వాటి మీద నాకు అభిప్రాయమేమీ లేదు.

కలుపు విషయంలో మాత్రం తమరి అజ్ఞానాన్ని క్షమించలేకపోతున్నాను. తమరి డబ్బా మీద 'అన్ని రకాల కలుపుకూ' అని ముద్రించి ఉంది. అన్ని రకాల కలుపూ ఒకటే అనుకోవడానికి మనం పెళ్లి భోజనాల్లో పచ్చళ్ల గురించి మాట్లాడుకోవడం లేదు. తుంగను పైన ఎంత చక్కగా గీకి పారేసినా వారం తిరగకుండా మళ్లీ తల ఎత్తుతుంది, ఎందుకంటే దాని ప్రాణం నేల కింద గొలుసుకట్టుగా ఉన్న చిన్న గడ్డల్లో ఉంటుంది. కిందికి సన్నగా దిగి ఆ గడ్డను పెకలించే మొన కావాలి. గరికను ముక్కలుగా నరికితే ఉపకారం చేసినట్టే, కణుపు ఉన్న ప్రతి ముక్కా మరో గరిక అవుతుంది కాబట్టి తీగ వెంబడి లాక్కుంటూ పోవాలి. వయ్యారిభామకు అసలు పనిముట్టే అక్కరలేదు: వాన పడిన మర్నాడు, పూత రాకముందే, చేత్తో వేళ్లతో సహా పీకేయడమే. దాని పుప్పొడీ ఆకులూ ఒంటికి పడక దద్దుర్లు లేచేవాళ్లు ఉంటారు కాబట్టి చేతికి తొడుగు ఉండాలి. ఇన్నాళ్లకు తమరు ఉచితంగా ఇచ్చిన తొడుగులు అక్కరకు వచ్చాయి. తమరిలో డబ్బు పెట్టి కొనని భాగమే ఎక్కువ పని చేసింది.

తుంగ కోసం నేను బుధవారం అంగడిలో 150 రూపాయలకు ఒక కుర్పి కొన్నాను. కొన్ని చోట్ల దీన్ని బొరిగ అంటారని తరువాత తెలిసింది. అమ్మిన కమ్మరి ఆయన దాన్ని లారీ కమాను పట్టీ కోసి చేశానని చెప్పి, గోటితో మీటి, ఆ మోత విన్నాకే నా చేతిలో పెట్టాడు. సందు దొరికింది కదా అని తమరి ట్రోవెల్‌ను కూడా సంచిలోంచి తీసి ఆయనకు చూపించాను. అదీ మీటి చూశాడు, కానీ మోత రాలేదు. "దీన్ల దమ్ము లేదు సారూ" అని, పాపం, మర్యాదగానే తిరిగి ఇచ్చాడు. కుర్పికి తుప్పు పడుతుంది, నిజమే. పని అయ్యాక తుడిచి నాలుగు చుక్కల నూనె రాయాలి, మొద్దుబారితే ఆకురాయితో పదును పెట్టాలి. తమరికి తుప్పు పట్టదని డబ్బా మీద గొప్పగా రాసుకున్నారు. తవ్వని ఇనుముకు తుప్పు పట్టకపోవడం ఏమంత ఘనకార్యమో తమరే చెప్పాలి.

అసలు ఫిర్యాదు కత్తెర మీద. ఆ వంశం చిన్నదేమీ కాదు: కొమ్మల కత్తెరను 19వ శతాబ్దం మొదట్లో కనిపెట్టినవాడిగా, ఫ్రాన్సు రాజు 16వ లూయీ కొలువులో నౌకాదళ మంత్రిగా చేసిన బెర్ట్రాన్ ద మోల్విల్ పేరు చెబుతారు. అటువంటి వంశంలో పుట్టి తమరు చేసిన పని ఏమిటంటే, మా ఆవిడ ప్రాణంగా పెంచుకునే గులాబీల కొమ్మలను కోయకుండా నలపడం. ఈ కత్తెరల్లో రెండు జాతులు ఉన్నాయి. ఒకదానిలో పదునైన అలుగు, మరో వంపు దవడను రాసుకుంటూ పక్కగా జారుతుంది. పచ్చి కొమ్మకు అదే సరైనది. రెండోదానిలో అలుగు చదునైన దిమ్మె మీదికి నేరుగా దిగుతుంది, కూరగాయల చెక్క మీద కత్తిలా. ఎండు పుల్లలకు అది మంచిదే, పచ్చి కొమ్మను మాత్రం నలిపేస్తుంది. తమరు పెట్టినది రెండోది, రాసినది 'గులాబీలకు ప్రత్యేకం' అని. నలిగిన చోటి నుంచి కొమ్మలు కిందికి ఎండుకుంటూ వచ్చాయి. నేను రెండు వారాల పాటు నీళ్లు తక్కువయ్యాయేమోనని రోజుకు రెండు పూటలా పోశాను. ఆ పాపంలో మాత్రం సగం నాది.

పైగా మా ఆవిడది ఎడమచేతి వాటం. తమరి తాళం మీట కుడిచేతి బొటనవేలికి మాత్రమే అందుతుంది. లోకంలో ఎడమచేతి వాళ్ల కోసం చేసిన కత్తెరలు కూడా ఉన్నాయని తెలిసి, ఆమెకు అటువంటిదే, పక్కగా జారే అలుగున్నది, వేరే తెప్పించవలసి వచ్చింది. అలుగు వైపు చెట్టున ఉండిపోయే కొమ్మకు, దవడ వైపు తెగి పడే ముక్కకు ఉండేలా పట్టాలనీ, బయటి వైపు చూసే మొగ్గకు కాస్త పైన ఏటవాలుగా కోయాలనీ, తెగులున్న మొక్కను కోశాక స్పిరిట్‌తో తుడిచి గానీ మరో మొక్కను ముట్టుకోకూడదనీ ఆమె ఇప్పుడు నాకు పాఠం చెబుతోంది. మునగ కొమ్మ విషయంలో కూడా తమరు నన్ను మోసగించబోయారు. వేలి లావు దాటిన కొమ్మ కత్తెర పని కాదు, రంపం పని. అది కూడా ముందు అడుగున కొంత కోసి, తరువాత పైనుంచి కోయాలి, లేకపోతే విరిగే కొమ్మ తన బరువుతో మాను బెరడును కూడా చీల్చుకుపోతుంది. చీల్చుకుపోయింది కూడా.

ఉన్నమాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. మేడ మీద కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలిపి నింపిన కుండీల్లో తమరి ట్రోవెల్, వంగిన మెడతోనే, నారు నాటడానికి చక్కగా పనిచేస్తోంది. వేపపిండి తోడడానికీ అదే. దాని మీద గీసిన అంగుళాల గీతలు మా చిన్నవాడికి లెక్కలు నేర్పడానికి పనికి వస్తున్నాయి. ఫోటోలో కనిపించిన మట్టి కుండీలోదని అప్పుడే ఒక్క మాట రాసి ఉంటే ఈ లేఖకు అవసరమే ఉండేది కాదు.

ఇంతలో మరొక సంగతి జరిగింది. నేను తోట వేస్తున్నానని విని, మా గృహప్రవేశానికి ఒకాయన తమరి కవల సోదరుణ్ణే రంగు కాగితంలో చుట్టి బహుమతిగా తెచ్చాడు. మొన్న కాగితం విప్పితే లోపల మరో కాగితం, దాని మీద వేరే ఎవరిదో ఇంటికి వేరే ఎవరో రాసిన శుభాకాంక్షలు. కత్తెర తాళం ఇంకా తీయలేదు, ట్రోవెల్‌కు మట్టి చుక్క అంటలేదు. వచ్చే నెల మా తోడల్లుడి గృహప్రవేశం ఉంది. ఆయన ఇల్లు ఆరో అంతస్తులో. రంగు కాగితం కొత్తది కొన్నాను.

ఇట్లు,
తమరి విధేయుడైన ఒకప్పటి ఖాతాదారుడు