మాత్రతో పాటు ముద్ద

టీబీ (క్షయ) మందులు మొదలుపెట్టిన ఇంట్లో పొద్దుపూట తరచూ కనిపించే దృశ్యమే ఇది. పరగడుపున మాత్రలు మింగిన మనిషి గడప దగ్గర కూర్చుని వాంతిని ఆపుకుంటుంటాడు. మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడొద్దని ఆశా కార్యకర్త చెబుతుంది. పాలు, గుడ్లు, పప్పు బాగా తినమని కూడా చెబుతుంది. ఇంట్లో ఉన్నది రేషన్ బియ్యం, పల్చటి చారు. గుడ్డు దొరికినా అది పిల్లల కంచంలోకే వెళుతుంది.

తిండి పెడితే ఈ రోగం ఎంత తగ్గుతుందో జార్ఖండ్‌లో లెక్కకట్టి చూపించారు. 2019-22 మధ్య నాలుగు జిల్లాల్లో 2,800 మంది రోగులతో, వారి ఇళ్లలోని 10,345 మందితో ‘రేషన్స్’ అధ్యయనం జరిగింది. మంగళూరు యెనెపోయ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ అనురాగ్ భార్గవ, డాక్టర్ మాధవి భార్గవ బృందం చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థతో కలిసి దీన్ని చేసింది. రోగులందరికీ మందులతో పాటు నెలనెలా బియ్యం, పప్పు, పాలపొడి, నూనె, విటమిన్ మాత్రలు ఇచ్చారు. సగం ప్రాంతాల్లో ఇంట్లోవాళ్లకూ బియ్యం, పప్పు అందించారు. మిగతా ప్రాంతాలతో పోలిస్తే ఆ ఇళ్లలో కొత్తగా క్షయ బారినపడటం 39 శాతం తగ్గింది. పరీక్షల్లో నిర్ధారణ అయిన ఊపిరితిత్తుల క్షయ అయితే 48 శాతం తగ్గింది. 2023లో లాన్సెట్ వైద్య పత్రికల్లో వచ్చిన ఈ ఫలితాలు చూసి మేము ఆనందించాం, బాధపడ్డాం కూడా. ఆ రోగుల్లో అయిదుగురికి నలుగురు ఉండాల్సినంత బరువు లేనివాళ్లే. మొదటి రెండు నెలల్లో బరువు 5 శాతం పెరిగినవాళ్లకు చావు ముప్పు దాదాపు 60 శాతం తక్కువగా ఉంది.

ఈ సంగతి మనకు పూర్తిగా కొత్త కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో 1915లో వెలిసిన శానిటోరియం (క్షయ రోగులను ఉంచి చూసే ఆసుపత్రి) నాటికి క్షయకు మందే లేదు. విశ్రాంతి, మంచి గాలి, మంచి తిండి, అదే వైద్యం. మందులొచ్చాక, ఇంట్లోనే ఉండి మాత్రలు వేసుకున్నా రోగం అంతే బాగా నయమవుతుందని 1959లో మద్రాసు పరిశోధన తేల్చింది. లక్షలమందికి ఆసుపత్రి మంచం అక్కర్లేకుండా చేసిన గొప్ప ఫలితమది. కానీ దాని నీడలో తిండి మాట మరుగున పడిపోయింది. నాడు ఆ పరిశోధన చేసిన కేంద్రమే నేటి చెన్నై సంస్థ. అక్కడివాళ్లే ఇప్పుడు తిండి ప్రస్తావన మళ్లీ తెచ్చారు.

కేంద్రం 2018లో రోగికి నెలకు రూ.500 ఇవ్వడం మొదలుపెట్టి, 2024 నవంబరు నుంచి రూ.1,000 చేసింది. మంచిదే. అయితే సంపాదించే మనిషి మంచాన పడ్డ ఇంట్లో ఆ డబ్బు ముందు అప్పుకో అద్దెకో పోతుంది. రోగులను దత్తత తీసుకునే నిక్షయ్ మిత్రలు ఇచ్చే సరుకుల సంచి దాతల దయ మీద ఆధారపడింది. దాత దొరకని ఊళ్లో రోగి ఏం తినాలి?

రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇది చేతికందే పనే. రేషన్ దుకాణం ఉంది, గర్భిణులకూ పిల్లలకూ గుడ్లు, పాలు ఇచ్చే అంగన్‌వాడీ ఉంది. చికిత్స సాగే ఆరు నెలలూ రోగికీ, ఆ ఇంట్లో అందరికీ పప్పు, నూనె, గుడ్లు, పాలపొడి హక్కుగా ఇవ్వాలని మేము కోరుతున్నాం. ఖర్చు ప్రభుత్వ బడ్జెట్‌లోనే చూపాలి. ఇంకో మాట. ఈ జబ్బు బయటపడితే కూతురి పెళ్లి ఆగిపోతుందని భయపడే తల్లులు ఇంకా ఉన్నారు. పేరు పిలిచి క్యూలో నిలబెట్టి ఇస్తే వాళ్లు రారు. సరుకులు గుట్టుగా ఇంటికి చేర్చాలి. మొదటి రెండు నెలల బరువే ప్రాణం నిలుపుతోంది కాబట్టి, మొదటి సంచి మొదటి మాత్రతో పాటే అందాలి.