వానపామును కోస్తే రెండు వానపాములు అవ్వవు

ఈ మధ్య అందరూ తెగ ఫార్వర్డ్ చేస్తున్న మెసేజ్ ఒకటుంది. వానపామును సగానికి కోస్తే రెండు వానపాములవుతాయంట, దానికి మెదడూ గుండే లేవంట, పురుగులన్నీ ఒకటే జాతంట, తీపి ఎక్కువ తింటే అవే కడుపులో పుడతాయంట. నాలుగూ తప్పే. అది చదివి పిల్లలు నిజంగానే కోసి చూస్తున్నారు, అందుకే రాస్తున్నా.

ముందు కోయడం సంగతి. పెద్ద వానపామును దగ్గరగా చూస్తే ఒంటి మీద ఒకచోట పట్టీ కట్టినట్టు రంగు మారి కనిపిస్తుంది, అది తలకి దగ్గరగా ఉంటుంది, గుండెలు, మెదడు అన్నీ ఆ ముందు భాగంలోనే. వెనక కొంచెం తెగితే తల వైపు ముక్క బతికి తోక పెంచుకోవచ్చు, అదీ గ్యారంటీ లేదు. తోక ముక్క కాసేపు గిలగిలా కొట్టుకుంటుంది, మనం అది చూసి బతికే ఉంది కదా అనుకుంటాం, కానీ చాలా జాతుల్లో దానికి తల మొలవదు, తినడానికి నోరుండదు, చచ్చిపోతుంది పాపం. ముక్కముక్కా పురుగయ్యేది ప్లనేరియా అనే వేరే పురుగు, నీళ్లలో ఉంటుంది, బల్లపరుపుగా. మోర్గాన్ అనే శాస్త్రవేత్త 1898లో దాని ఒంట్లో 279వ వంతు ముక్క నుంచి కూడా పూర్తి పురుగు వస్తుందని చూపించాడు. ఆ పేరు తెచ్చి వానపాముకి అంటగట్టారు.

మెదడు చిన్నదే, కానీ ఉంది. గుండెలైతే ఒకటి కాదు, రక్తాన్ని తోసే జతలు జతలున్నాయి. కళ్లు లేకపోయినా చర్మంతోనే వెలుతురు పసిగడుతుంది, ఊపిరీ ఆ తడి చర్మంతోనే, అది ఎండిపోతే ప్రాణం పోతుంది.

ఇక ఒకటే జాతి అనడం. వానపాము, జలగ చుట్టాలు, నిజమే. బద్దెపురుగు వేరు, దానికి నోరూ లేదు పేగూ లేదు, మన పేగులో అరిగిన తిండిని ఒంటితోనే పీల్చుకుంటుంది. ఏలికపాములు, కొంకిపురుగులు ఇంకో గుంపు. గొంగళిపురుగైతే అసలు వీటిలోదే కాదు, సీతాకోకచిలుక పిల్ల.

తీపికీ కడుపులో పురుగులకీ సంబంధం లేదు. ఆడ ఏలికపాము రోజుకి దాదాపు 2 లక్షల గుడ్లు పెడుతుంది, అవి మలంతో మట్టిలో కలిసి, కొన్ని వారాలు అక్కడే ఎదిగి, కడగని చేతులతోనో కూరగాయలతోనో మన నోట్లోకొస్తాయి. కొంకిపురుగు పిల్లలకి నోటితో కూడా పనిలేదు, వట్టి కాళ్లతో మట్టిలో నడిస్తే పాదం చర్మంలోంచి దూరి, రక్తంలో ఊపిరితిత్తుల దాకా పోయి, అక్కణ్ణుంచి గొంతులోకెక్కి, మనం మింగితే పేగులో చేరి రక్తం తాగుతాయి. పిల్లలకి తీపి మాన్పించి చెప్పుల్లేకుండా పంపిస్తే పురుగులు ఆగవు, రక్తం తగ్గిపోయి వాళ్లు నీరసపడిపోతారు.