షుగర్ ఉన్నవాళ్ళు నడవకూడదంటున్న మెసేజ్‌కి నా జవాబు

మా గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: షుగర్ మాత్రలు వాడేవాళ్ళు వ్యాయామం జోలికి పోవద్దు, నడిస్తే షుగర్ ఉన్నట్టుండి పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఇంటిపని చేసుకునే ఆడవాళ్ళకు వేరే వ్యాయామం అక్కర్లేదు. నడిస్తే మోకాళ్ళు అరుగుతాయి. బరువు తగ్గనప్పుడు నడిచీ లాభం లేదు. వంశంలో షుగర్ ఉంటే ఏం చేసినా ఆగదు. నడవాలని మరీ ఉంటే చెప్పులు విప్పి నడవండి, నరాలు బాగుపడతాయి.

కొత్తపేటలో మాది మందుల షాపు. కౌంటర్ దగ్గర ఫోన్ తీసి చూపించి, "ఇది నిజమేనా అన్నా?" అని అడిగేవాళ్ళున్నారు. వాళ్ళకు సమాధానం చెప్పగలను. ఎవర్నీ అడక్కుండా నడక మానేసినవాళ్ళ గురించే నా బాధంతా.

మొదటి మాటలో కొంత నిజం ఉంది. అందుకే అది జనంలోకి అంత తేలిగ్గా వెళ్ళింది. వ్యాయామం చేస్తే కొందరికి షుగర్ బాగా పడిపోవచ్చు. ఎవరికి? ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకు, గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకు. ఈ మాత్రలు ఒంట్లో ఇన్సులిన్‌ని పెంచుతాయి. కండరం పనిచేస్తున్నప్పుడు ఆ ఇన్సులిన్ సాయం లేకపోయినా రక్తంలోంచి గ్లూకోజు లాక్కుంటుంది. రెండూ ఒకేసారి జరిగితే షుగర్ కిందికి దిగుతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకు ఇలా జరగడం చాలా అరుదు. మరి అందరినీ ఒకే గాటన కట్టి భయపెట్టడం ఎందుకు? మీ మాత్ర అట్ట వెనక ఏయే మందుల పేర్లున్నాయో ఒకసారి చదవండి, లేదా మీ షాపులో చదివించుకోండి. ఒకే మాత్రలో రెండు మూడు మందులు కలిసి ఉండటం మామూలే.

చాలామందికి కళ్ళు తిరగడానికి కారణం వేళ తప్పడం. గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర టిఫిన్ వేళకు వేసుకోవాల్సింది. కొందరు లేవగానే దాన్ని మింగేసి, ఎన్టీఆర్ స్టేడియంలో గంటసేపు నడిచి, ఆపైన కూర్చుని కబుర్లు చెప్పుకుని, ఎప్పటికో ఇంటికెళ్ళి ఇడ్లీ తింటారు. ఒళ్ళు తూలితే నెపం నడక మీద పడుతుంది. నడిచి వచ్చాక, తినబోయే ముందు మాత్ర వేసుకోవచ్చా అని మీ డాక్టరు గారిని అడగండి. చాలామందికి ఆ ఒక్క మార్పుతో టెన్షన్ తీరిపోతుంది.

ఇన్సులిన్ గానీ ఈ రకం మాత్రలు గానీ వాడేవాళ్ళు బయల్దేరే ముందు షుగర్ చూసుకుని, 90 కంటే తక్కువుంటే ఏదైనా తిని వెళ్ళాలి. నడుస్తుండగా చెమటలు, వణుకు, గుండె దడ మొదలైతే ఆగిపోవాలి. 70 కంటే తగ్గితే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాల తర్వాత మళ్ళీ చూసుకోవాలి. జేబులో పంచదార ఉంది కదా అనుకోకండి. మీ మాత్రలో వోగ్లిబోస్ కూడా ఉంటే పంచదార త్వరగా అరగదు, ఆ మందు చేసే పనే అది. గ్లూకోజు పొడి అయితే వెంటనే పనిచేస్తుంది. ఈ సంగతి తెలియక ఇబ్బంది పడేవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు కాబట్టే ఇంత వివరంగా చెబుతున్నాను. ఇంకొకటి, వ్యాయామం ప్రభావం ఒక రోజు పైన కూడా ఉంటుంది. ఇన్సులిన్ వాడేవాళ్ళు బాగా నడిచిన రోజు రాత్రి కూడా జాగ్రత్తగా ఉండాలి.

ఇక ఇంటిపని. ఈ మాట మీద నాకు కోపం ఎక్కువ. పొద్దున్నుంచి రాత్రిదాకా వంటింట్లో నిలబడే మనిషి అలసిపోతుంది, అందులో సందేహం లేదు. కానీ అలసట వేరు, గుండె వేగం పెరిగేలా కదలడం వేరు. మాట్లాడగలగాలి గానీ పాట పాడలేకపోవాలి, అదీ కొలత. గ్యాస్ స్టవ్ ముందు ఎంతసేపు నిలబడ్డా ఆ స్థితి రాదు. వారానికి 150 నిమిషాలు ఆ వేగంతో కదలాలనీ, వరసగా రెండు రోజులకు మించి మానకూడదనీ, వారంలో రెండు మూడు సార్లు కండరాలకు బలం పెంచే వ్యాయామం కూడా ఉండాలనీ అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ చెబుతోంది.

మిర్చి యార్డులో టిక్కీలు మోసే హమాలీకి నడవమని చెప్పనక్కర్లేదు. అదే యార్డులో కమీషన్ కొట్లో కూర్చుని లెక్కలు రాసే గుమాస్తాకు చెప్పాలి. అలాగే ఇంట్లో వదిన గారికీ చెప్పాలి. "చీర మీద బూట్లేమిటి, ఈ వయసులో రోడ్డు మీద నడకేమిటి" అంటారని ఆవిడ ఆగిపోతే, ఆవిడకు కావలసింది ఇంట్లోవాళ్ళ తోడు. మెసేజ్ పంపేవాళ్ళు దానికి బదులు ఆవిడకు సాకు అందిస్తున్నారు. బయటికి వెళ్ళడం కుదరకపోతే భోజనం కాగానే డాబా మీద పది నిమిషాలు నడిచినా సరే. న్యూజీలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, రోజులో ఎప్పుడో ఒకసారి అరగంట నడవడం కంటే ప్రతి భోజనం తర్వాత పది నిమిషాలు నడిచినప్పుడు తిన్న తర్వాతి షుగర్ సగటున 12 శాతం తక్కువగా ఉంది. రాత్రి భోజనం తర్వాత ఆ తేడా 22 శాతం.

మోకాళ్ళ గురించి ఎక్కువ చెప్పను. కీళ్ళ అరుగుదల ఉన్నవాళ్ళకు కూడా మొదట చెప్పే వైద్యాల్లో వ్యాయామం ఒకటి. తొడ కండరం బలంగా ఉంటే కీలు మీద భారం తగ్గుతుంది. నొప్పి ఎక్కువైతే దూరం తగ్గించండి, లేదా సైకిల్ తొక్కండి.

బరువు తగ్గకపోతే వృథా అన్నది పూర్తిగా తప్పు. షుగర్ ఉన్నవాళ్ళ మీద జరిగిన 14 పరీక్షలను కలిపి చూసిన విశ్లేషణ 2001లో వచ్చింది. వ్యాయామం చేసినవాళ్ళ మూడు నెలల సగటు షుగర్, అంటే హెచ్‌బీఏ1సీ, 7.65. చేయనివాళ్ళది 8.31. బరువులో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. తూకం కదలకపోయినా రక్తం మారింది.

వంశం మాటకు చెన్నైలో జరిగిన అధ్యయనం చాలు. షుగర్ రాబోయే దశలో ఉన్నవాళ్ళను తీసుకుని కొందరికి నడక, తిండి మార్పులు నేర్పారు. 2006లో ఫలితాలు వచ్చాయి. మూడేళ్ళలో ఏమీ చెప్పనివాళ్ళలో 55 శాతం మందికి షుగర్ వచ్చింది, నేర్పినవాళ్ళలో 39.3 శాతం మందికి. వంశం ప్రభావం లేదని నేననను. కానీ ఈ మెసేజ్ చదివి మీ పిల్లలు కూడా ఆశ వదులుకుంటే నష్టం రెండో తరానికి పోతుంది.

చివరిది అన్నిటికన్నా ప్రమాదం. చాలా ఏళ్ళుగా షుగర్ ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. గాజుపెంకు గుచ్చుకున్నా, మే నెల ఎండకు కాలిన గుడి మెట్టు మీద బొబ్బ లేచినా తెలియదు. చెప్పులు విప్పి నడిస్తే నరాలు బాగుపడవు. పుండు పడుతుంది, అది త్వరగా మానదు. మెత్తటి అట్ట ఉన్న బూట్లు, కాటన్ సాక్స్ వేసుకుని నడవండి. ఇంటికొచ్చాక అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోండి. కనిపించకపోతే ఇంట్లో ఎవరినైనా చూడమనండి. మంగళగిరి మెట్లెక్కే మొక్కు ఉంటే ఎండ రాకముందే వెళ్ళండి.

నిజంగా ఆగాల్సినవాళ్ళూ ఉన్నారు. నడిస్తే గుండెలో నొప్పి, విపరీతమైన ఆయాసం వచ్చేవాళ్ళు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి. కంటిలో రక్తస్రావం అయినవాళ్ళు, రెటీనా బాగా దెబ్బతిన్నవాళ్ళు బరువులెత్తడం, ఊపిరి బిగపట్టడం చేయకూడదు. అరికాలిలో పుండు ఉన్నవాళ్ళు అది మానేదాకా నడక ఆపి, కుర్చీలో కూర్చుని చేతులతో చేసే వ్యాయామం ఏది కుదురుతుందో డాక్టరును అడగాలి.