నరం లేని నాలుక

బెంగళూరు మారతహళ్లిలోని మా అపార్ట్‌మెంట్‌లో ఇంతకాలం అందరూ నాలుకను నోట్లోనే ఉంచుకుని బతికారు. పోయిన ఆదివారంతో ఆ మర్యాద ముగిసింది. క్లబ్‌హౌస్‌లో ‘జిహ్వా దర్శన శిబిరం’ పెట్టారు. ఫోను ముందు నాలుక చాపితే చాలు, అందులోని యాప్ మన కాలేయం, పేగులు, మనశ్శాంతి వరుసగా చదివి చెబుతుందట. రుసుము 500 రూపాయలు. రోగం ఏదైనా మందు ఒకటే: 1,800 రూపాయల ఆకుపచ్చ పొడి డబ్బా.

ఆ వరుస చూసి తీరాలి. మేనేజర్లు, విశ్రాంత ఇంజినీర్లు, నిన్నగాక మొన్న కాపురానికి వచ్చిన కొత్త కోడలు, అందరూ ఒకేసారి కాళికాదేవి వేషం కట్టినట్టు నాలుకలు వేలాడేసుకుని నిలబడ్డారు. మాట్లాడే వీలు లేక క్షేమసమాచారాలు చేతులతోనే సాగాయి. బి బ్లాకు పెద్దాయన ఫిల్టర్ కాఫీ తాగి వచ్చారు. పసుపు పూత, కాలేయంలో వేడి అని తేలింది. ఒక పిల్లవాడు నేరేడుపండ్లు తిని వచ్చాడు. ఊదారంగు, రక్తప్రసరణకు అడ్డంకి అట! వాళ్ల అమ్మకు కన్నీళ్లు ఆగలేదు. ఇంకొకావిడ నాలుక మీద అట్లాసులో దేశాల్లా ఎర్రమచ్చలు. వైద్యులు దీన్ని భౌగోళిక నాలుక అనే అంటారు. మచ్చలు సరిహద్దులు మార్చుకుంటూ తిరుగుతాయి, హాని చేయవు. యాప్‌కు భూగోళం రాదు కాబట్టి ఆవిడకు రెండు డబ్బాలు. నాకు ‘మనసులో దిగులు’ అని వచ్చింది. అప్పటికి 500 పోయాయి మరి.

నాలుక ఏమీ చెప్పదని కాదు. ఆయుర్వేద గ్రంథం యోగరత్నాకరం చెప్పిన ఎనిమిది పరీక్షల్లో జిహ్వ ఒకటి. (మిగిలిన ఏడింటిలో మలమూత్రాలు కూడా ఉన్నాయి. వాటినీ క్లబ్‌హౌస్‌కు తెమ్మనకపోవడం మా పూర్వజన్మ పుణ్యం.) నాలుక పాలిపోతే డాక్టరు రక్తహీనతను అనుమానిస్తాడు. నున్నగా, ఎర్రగా మారి మండుతుంటే బి12, ఇనుము, ఫోలేట్ తగ్గాయేమోనని రక్తపరీక్ష రాస్తాడు. పొద్దున కనిపించే తెల్లపూత చాలాసార్లు చచ్చిన కణాలు, బ్యాక్టీరియా, రాత్రి తిన్న కూర. మా అమ్మమ్మ దాన్ని చీల్చిన వేపపుల్లతో గీసి పారేసేది, డబ్బా కొనలేదు. తుడిచినా పోని తెల్లమచ్చ, మూడు వారాలు దాటినా మానని పుండు మాత్రం వేరే సంగతి. వాటిని ఫోనుతో కాదు, అవసరమైతే ముక్క తీసి పరీక్షిస్తారు.

అలాంటిది మా గేటు దగ్గరే ఉంది.

మా వాచ్‌మన్ మదనపల్లె వైపు మనిషి. తలుపు దగ్గరకు వచ్చి “సార్, నాది కూడా చూస్తారా?” అని అడిగాడు. నిర్వాహకుడు ఫోనును గుండెకు హత్తుకుని “ఇది ఫ్లాట్ల వాళ్లకే” అన్నాడు. మా కార్యదర్శి “గేటు ఎవరు చూస్తారయ్యా?” అన్నాడు. బయటకు వెళ్లి నేను చూశాను. నాలుక అంచున పుండు, చుట్టూ తెల్లగా గట్టిపడింది. రెండు నెలలైందట. నరం లేని నాలుక అంటాం గానీ దానికి ఐదు జతల కపాల నరాలు పనిచేస్తాయి. కారం తగిలితే ప్రాణం పోతోందని రెండు పూటలా పెరుగన్నమే తింటున్నాడు. రాత్రి కాపలాలో నిద్ర ఆపుకోవడానికి అలవాటైన గుట్కాను కర్ణాటకలో 2013లోనే నిషేధించారు కాబట్టి, పాన్‌మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం కొని అరచేతిలో కలుపుకుంటాడు. చట్టం గౌరవానికి లోటు రాలేదు. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుందన్న సంగతి ఆ పొట్లం అమ్మినవాడు అతనికి చెప్పడు.

రెండు నెలలు! రోజూ ఆ నోటి నుంచి నమస్కారం అందుకున్నాం, ఒక్కరమూ ఆ నోటివైపు చూడలేదు. మాట ముద్దగా వస్తోందని గమనించారు, గమనించకేం! తాగి డ్యూటీకి వస్తున్నాడని ఫిర్యాదు రాశారు. ఆ ఫిర్యాదు కింద నా సంతకం కూడా ఉంది. నేరేడుపండు మరకకు కన్నీళ్లు పెట్టుకున్న ఇళ్లన్నీ అందులో ఉన్నాయి. సిగ్గులేని మనుషులం.

మంగళవారం అతన్ని కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకెళ్లాను. ముక్క తీశారు, ఫలితం ఇంకా రాలేదు. మేం వరుసలో నిలబడి ఉండగానే, ఉదయం 8:40కి, మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఖాళీ కుర్చీ ఫొటో వచ్చింది, ‘గేటు దగ్గర ఎవరూ లేరు, జీతం కోయాలి’ అని. దాని కింద పదకొండు బొటనవేళ్లు.