జూలియట్ వెతకలేదు

మొన్న మా సంఘం పిల్లల కార్యక్రమంలో ఓ ఎనిమిదో తరగతి అమ్మాయి షేక్‌స్పియర్ 'రోమియో అండ్ జూలియట్' నాటకంలోని జూలియట్ వేషం వేసింది. అంతకుముందే డాన్స్ ఐటం అవడంతో మార్చుకునే టైమ్ లేక పట్టులంగాలోనే వచ్చేసింది. "వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో" అంటూ కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, వెనక సమోసాల టేబుల్ దాకా వెతికింది. అందరం నవ్వాం, చప్పట్లు కొట్టాం.

నిజానికి జూలియట్ అక్కడ ఎవర్నీ వెతకడం లేదు. రోమియో కింద తోటలోనే ఉన్నాడు, ఆ సంగతి ఆమెకు తెలియదు. తనలో తనే అనుకుంటోంది. వేర్‌ఫోర్ అంటే 'ఎక్కడ' కాదు, 'ఎందుకు'. ఆ రాత్రి విందులో మనసిచ్చిన కుర్రాడు తీరా చూస్తే పగవాళ్ల బిడ్డ. 'నువ్వు రోమియోవే ఎందుకయ్యావయ్యా' అని ఆమె గోల. మీ నాన్నను కాదను, ఆ పేరు వదిలెయ్ అని వెంటనే అనేది అందుకే. 'ఎక్కడున్నావు' అని చదివామా, ఆ తర్వాతి మాటలకు పొంతన కుదరదు.

పిల్లను తప్పుపట్టను. మాటలో 'వేర్' కనపడుతోంది మరి. వేర్, ఫోర్ కలిసి 'దేనికోసం' అనే అర్థంలో పుట్టిన మాట అది. దాని తోబుట్టువు దేర్‌ఫోర్, అంటే 'కాబట్టి', లెక్కల పుస్తకంలో మూడు చుక్కలై హాయిగా బతుకుతోంది. ఇది మాత్రం "వైస్ అండ్ వేర్‌ఫోర్స్" అనే జంటమాటలోనూ, అమెరికా కోర్టు అర్జీల చివర 'కావున' అనాల్సిన చోటా మిగిలింది. ఆఫీసు మెయిల్‌లో వాడారో, వెటకారం అనుకుంటారు.

నా ఫిర్యాదల్లా పెద్దవాళ్ల మీదే. ఇలాంటివి పిల్లలకు ఇంగ్లీషులోనే చెప్పబోయి తంటాలు పడతాం. మన 'ఎందుకు'ను విడదీసి చూడండి: ఎందు, కు. పాత తెలుగులో 'ఎందు' అంటే ఎక్కడ. పోతన ప్రహ్లాదుడి "ఎందెందు వెదకి చూచిన" అదే కదా! చుట్టరికం లేని రెండు భాషలు 'ఎక్కడ'కు చిన్న తోక తగిలించి 'ఎందుకు' చేసుకున్నాయి.

ప్లేట్లు పట్టుకుని లైన్లో నిలబడ్డప్పుడు ఆ అమ్మాయికి ఇదే చెప్పాను. కాసేపు ఆలోచించి, "అయితే అంకుల్, రోమియో ముందు కామా ఉండదా?" అంది. ఉండదమ్మా, అది అతన్ని పిలవడం కాదు, 'రోమియోవే ఎందుకయ్యావు' అనడం అన్నాను. అక్కడే మళ్లీ ఓసారి అని చూసుకుంది. ఈసారి చెయ్యి పైకి లేవలేదు, ఒత్తు రోమియో మీద పడింది.