పరుపును లాభం అడుగుతారా?

చీరల కొట్లో మనల్ని పరుపు మీద కూర్చోబెట్టి యాభై చీరలు విప్పి పరుస్తారు. రెండు కొంటాం. ఒక్కోసారి ఏదీ నచ్చక లేచి వచ్చేస్తాం. ఆ పరుపు ఈ నెల ఎంత సంపాదించిందని ఏ షావుకారూ అడగడు. ఆటసామాన్ల షాపుల్లో కొనేముందు ఆడి చూడమని పెడుతున్న గోల్ఫ్ సిమ్యులేటర్లు (తెర మీదకి బంతి కొట్టి ఆడేవి), బ్యాటింగ్ నెట్‌ల విషయంలో మాత్రం ఇన్వెస్టర్లు అదే అడుగుతున్నారు: చదరపు అడుగుకి ఎంత సంపాదన?

అమెరికాలో డిక్స్ స్పోర్టింగ్ గూడ్స్ అనే ఆటసామాన్ల కంపెనీ 2021లో మొదటి 'హౌస్ ఆఫ్ స్పోర్ట్' తెరిచిన దగ్గర్నుంచీ ఉన్న గొడవే ఇది. పాకుతూ ఎక్కే గోడ, గోల్ఫ్, బ్యాటింగ్ కేజ్‌లు అన్నీ షాపులోనే. 2027కల్లా అలాంటివి 75 నుంచి 100 దాకా ఉండాలని ఆ కంపెనీ లక్ష్యం.

కాదనేవాళ్ల లెక్క తీసిపారేసేది కాదు. క్రికెట్ పిచ్ 22 గజాలు, అంటే 66 అడుగులు. పన్నెండడుగుల వెడల్పున నెట్ కట్టినా దాదాపు 800 చదరపు అడుగులు పోతాయి. బెంగళూరు అద్దెల్లో ఆ జాగాకి ఎన్ని బూట్ల అరలు పడతాయో! పైగా ఇక్కడ ఆడి, ఫోన్లో ఆర్డర్ పెడతారంటారు. పెడతారు. ఒక కొట్లో చీర చూసి పక్క కొట్లో కొనేవాళ్లు లేరా?

అసలు తప్పు ఒక్క బిల్లునే చూడటంలో ఉంది. పిల్లాడు ఇవాళ 4వ సైజు బ్యాట్ కొంటాడు. తర్వాత 5, 6, ఆపైన హారో అనే సైజు, చివరికి ఫుల్ సైజు. ప్యాడ్లు, గ్లవ్స్, హెల్మెట్ కూడా వాడితోపాటే పెరగాలి. ఆన్‌లైన్లో అయితే నాన్న "ఎలాగూ పెరుగుతాడులే" అని ఒక సైజు పెద్దదే తెప్పిస్తాడు. ఆ బరువు ఎత్తలేక పిల్లాడు అడ్డదిడ్డంగా ఊపుతాడు, నెల తిరక్కుండా బ్యాట్ మంచం కిందకి చేరుతుంది. పది బంతులు ఆడించి, "ఇది వద్దు సార్, చిన్నది తీసుకోండి" అన్న షాపుకి ఆ ఇంటివాళ్లు మళ్లీ వస్తారు. కాకపోతే ఇన్వెస్టర్లు చూసే క్వార్టర్ ఫలితాలు మూడు నెలలకోసారి వస్తాయి, పిల్లాడు అంత తొందరగా సైజు మారడు.

ఒక్క షరతు. 'చిన్నది తీసుకోండి' అని చెప్పే మనిషి ఆ నెట్ పక్కన ఉండాలి. ఖర్చు తగ్గించమనగానే ముందు తీసేసేది అతన్నే. తీసేశాక మిగిలేది మాల్‌లో వీడియో గేమే. అప్పుడు నేనూ ఇన్వెస్టర్ల పక్షమే.

ఇంతకీ మన బెంగళూరులో ఇలాంటి షాపులు ఎందుకు నిండుతాయి? సర్జాపూర్ రోడ్డులో డెకథ్లాన్ ఆటసామాన్ల షాపు 2009లోనే వచ్చింది. మారతహళ్లి తెలుగు కుటుంబాలు ఆదివారం పిల్లల్ని తీసుకుని అలాంటి షాపులకి వెళ్లేది కొనడానికేనా? పార్కులు, ఆటస్థలాలు కాపాడాలని కర్ణాటకలో 1985లోనే చట్టం చేశారు. ఇక్కడేమో అపార్ట్‌మెంట్ గేటు దాటితే ట్రాఫిక్, లోపల ఉంటే 'బంతాట నిషేధం' బోర్డు. టర్ఫ్‌కి, అంటే కృత్రిమ గడ్డి మైదానానికి వెళ్తే గంటకింత అని అద్దె. షాపులో సైకిళ్ల వరసల మధ్య బంతి తన్నుకుంటున్న పిల్లల్ని మాత్రం సెక్యూరిటీ అతను కూడా చూసీ చూడనట్టు వదిలేస్తాడు.